దెబ్బతిన్న బీ-17 బాంబర్‌ను ఇంటికి చేర్చే క్రమం

రెండవ ప్రపంచయుద్ధంలో ఇంగ్లాండు నుంచి జర్మనీ మీదికి వెళ్ళిన అమెరికన్ బీ-17 బాంబర్‌లో సాధారణంగా పదిమంది ఉండేవారు. పైలట్‌కు తన సీటు నుంచి తోక కనిపించదు, విమానం అడుగుభాగమూ కనిపించదు. అందువల్ల దెబ్బ తగిలిన వెంటనే విమానాన్ని సమంగా నిలిపి, ఇంటర్‌ఫోన్‌లో ప్రతి ఒక్కరినీ వరుసగా పిలవాలి. ఎవరు గాయపడ్డారో, విమానాన్ని అదుపు చేసే ఏ తీగ తెగిందో, ఇంధనం ఎక్కడ కారుతోందో చెప్పించుకోవాలి. తుపాకుల దగ్గరుండే గన్నర్లు చూసినది చూసినట్టే చెప్పాలి. పైలట్ కంగారుపడతాడని తోకకు పడిన చీలికను తగ్గించి చెబితే, అతడు ఆ తోక తట్టుకోలేని వేగంతో మలుపు తిప్పే ప్రమాదం ఉంది.

ఇంజిన్ చెడితే ఆలస్యం పనికిరాదు. ప్రొపెల్లర్ రేకులను గాలికి అంచు చూపేలా తిప్పి నిలిపివేయడాన్ని ఫెదరింగ్ అంటారు. బీ-17లో ఈ పని జరిగేది ఆ ఇంజిన్ ఆయిల్‌తోనే. ఆయిల్ ఒత్తిడి పడిపోతున్నట్టు మీటరు చూపగానే, ఇంకాసేపు నడుస్తుందేమోనన్న ఆశ వదులుకుని ఫెదరింగ్ బటన్ నొక్కాలి. ఆయిల్ పూర్తిగా పోయాక ఆ బటన్ వల్ల ఫలితం ఉండదు. ప్రొపెల్లర్ గాలికి విచ్చలవిడిగా తిరుగుతూ విమానాన్ని వెనక్కి లాగుతుంది, చివరికి వేడెక్కి ఇరుసు నుంచి ఊడి పక్క ఇంజిన్‌కో విమానం గోడకో తగలవచ్చు. బాగున్న ఇంజిన్‌ను తొందరపడి ఆపిన నష్టం కన్నా, పాడైన ఇంజిన్‌ను ఆలస్యంగా ఆపిన నష్టమే పెద్దదని నా అభిప్రాయం. ఆ ఇంజిన్ టాంకులో మిగిలిన ఇంధనాన్ని పంపుతో మిగతా వాటికి మళ్ళించాలి.

తరువాత చూసుకోవలసినది ఎత్తు. దాన్ని చేతిలో ఉన్న సొమ్ములా లెక్క చూసి ఖర్చు పెట్టాలి. బలం తగ్గిన విమానం దిగిన ఎత్తును మళ్ళీ ఎక్కలేకపోవచ్చు. అయితే 25,000 అడుగుల వద్ద ఆక్సిజన్ గొట్టాలు తెగితే మనిషి కొద్ది నిమిషాల్లోనే స్పృహ కోల్పోతాడు కనుక, అప్పుడు 10,000 అడుగుల దిగువకు రావడం తప్పనిసరి. దిగడమంటే తోటి విమానాల గుంపును విడిచిపెట్టడమే, ఒంటరి బాంబర్‌ను శత్రు యుద్ధవిమానాలు వెతుక్కుంటూ వస్తాయి. కాబట్టి దగ్గరలో మేఘాలుంటే వాటి చాటున సాగడం మంచిది. బరువు తగ్గించడానికి మిగిలిన బాంబులను ముందుగా వదిలివేయాలి. తుపాకులను, గుండ్లను మాత్రం శత్రు విమానాలు చేరుకోలేని దూరానికి వచ్చాకే పారవేయాలి.

పైలట్ నుంచి తోకకు వెళ్ళే తీగలు తెగినా దారి పూర్తిగా మూసుకుపోదు. చుక్కానినీ, విమానం ముక్కును పైకీ కిందికీ మళ్ళించే ఎలివేటర్ అనే తోకపలకనూ కదిలించే ఆటోపైలట్ (విమానాన్ని దానంతటదే నడిపే యంత్రం) మోటార్లు విమానం వెనుక భాగంలో ఉండేవి. తీగ వాటికి ముందే తెగి ఉంటే, ఆటోపైలట్ పిడులతోనే విమానాన్ని నడపవచ్చు. 1943 ఫిబ్రవరి 1న ట్యునీషియా మీద ఒక జర్మన్ యుద్ధవిమానం ‘ఆల్ అమెరికన్’ అనే బీ-17ను ఢీకొని ఎడమవైపు తోకరెక్కను ఊడగొట్టి, తోకభాగాన్ని దాదాపు తెంచివేసింది. అయినా పైలట్ కెండ్రిక్ బ్రాగ్ దాన్ని అల్జీరియాలోని బిస్క్రా స్థావరానికి చేర్చి దింపాడు. సిబ్బందిలో ఎవరూ గాయపడలేదు. ఆ విమానం ఇంగ్లాండుకు తిరిగి వచ్చిందని ప్రచారంలో ఉన్న కథ నిజం కాదు.

సముద్రం దాటేటప్పుడు రేడియో ఆపరేటర్ ప్రమాద సంకేతం పంపి, మీటను కాసేపు నొక్కి ఉంచాలి. దానితో తీరంలోని కేంద్రాలు విమానం ఉన్న చోటును లెక్కకట్టి దిశ చెప్పగలవు. సొంత స్థావరానికే చేరాలన్న పట్టుదల అనవసరం. సఫోక్‌లోని వుడ్‌బ్రిడ్జ్, కెంట్‌లోని మాన్‌స్టన్, యార్క్‌షైర్‌లోని కార్నబీలలోని రన్‌వేలు దెబ్బతిన్న విమానాల కోసమే సిద్ధమైనవి. వుడ్‌బ్రిడ్జ్ రన్‌వే 3,000 గజాల పొడవు, 250 గజాల వెడల్పు ఉండేది. పొగమంచును తొలగించడానికి అక్కడ రన్‌వే అంచుల వెంట పెట్రోలు మండించేవారు.

దిగడానికి ముందు, ఇంకా తగినంత ఎత్తు ఉండగానే, చక్రాలనూ, తక్కువ వేగంలో విమానాన్ని నిలిపేందుకు రెక్కల వెనుక అంచున దించే ఫ్లాప్స్ అనే పలకలనూ పరీక్షించాలి. ఫ్లాప్స్‌ను కొద్దికొద్దిగా దించుతూ, విమానం ఒకవైపు ఒరిగితే వెంటనే పైకి తీసివేయాలి, ఎందుకంటే ఒక రెక్కమీదిది దిగి రెండవది దిగకపోతే నేలకు దగ్గరలో సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. వేగం తగ్గిస్తూ విమానం ఎక్కడ అదుపు తప్పబోతుందో గమనించి, అంతకన్నా ఎక్కువ వేగంతోనే దిగాలి. విద్యుత్తు పోతే చక్రాలను చేతిపిడి తిప్పి దించవచ్చు. అవి దిగకపోతే కడుపుమీద దిగవలసిందే. అప్పుడు అడుగున ఉన్న గోళాకార టరెట్ (తిరిగే తుపాకి గూడు)లోని గన్నర్‌ను పైకి తెచ్చి, వీలైతే టరెట్‌నే విప్పి పడవేయాలి, లేకుంటే అది విమానం నడుమును విరిచివేస్తుంది. మిగతావారు రేడియో గదిలో ముందుగోడకు వీపు ఆనించి కూర్చోవాలి.

గాయపడినవారు ఉంటే స్థావరాన్ని సమీపిస్తూ ఎర్ర ఫ్లేర్లు (వెలుగు సంకేతాలు) కాల్చాలి. అది చూసి మిగతా విమానాలు దారి ఇస్తాయి, అంబులెన్సు రన్‌వే చివర సిద్ధంగా ఉంటుంది. బ్రేకులకు హైడ్రాలిక్ ఒత్తిడి లేదని ముందే తెలిస్తే పొడవైన రన్‌వేనే ఎంచుకోవాలి. మరో అమెరికన్ బాంబర్ బీ-24 సిబ్బందిలో కొందరు విమానం నడుము కిటికీల వద్ద పారాచూట్లు కట్టి, చక్రాలు నేలను తాకగానే రెండువైపులా ఒకేసారి విప్పి విమానాన్ని ఆపారు. విమానం నిలవగానే ఇంజిన్ల స్విచ్‌లు, ఇంధనం కట్టివేసి గాయపడినవారిని ముందుగా దింపాలి. ఏది ఎప్పుడు చెడిందో, ఏ మీటరు ఏమి చూపిందో నేల మీద విమానాన్ని బాగుచేసే బృందం పెద్ద అయిన గ్రౌండ్ క్రూ చీఫ్‌కు ఆ పూటే చెప్పాలి, ఆ విమానాన్ని బాగుచేయవచ్చో, విడిభాగాలకు వాడుకోవాలో అతడే తేలుస్తాడు.