పక్షవాతం తర్వాత బీపీ: ఇంట్లో కొలత, డాక్టరుకు లెక్క

ఒకసారి పక్షవాతం వచ్చినవారికి అది మళ్లీ రాకుండా చూసుకోవడంలో రక్తపోటు అదుపుకు మించిన రక్షణ దాదాపు లేదు. చాలామందికి వైద్యులు 130/80 లోపు ఉండాలంటారు గానీ, వయసునూ మూత్రపిండాల స్థితినీ మెదడుకు వెళ్లే రక్తనాళాలు ఎంత ఇరుకయ్యాయన్న దాన్నీ బట్టి ఆ లక్ష్యం మారుతుంది కనుక, మీకు ఎంత ఉండాలో అడిగి బీపీ పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి.

కొలిచే తీరు సరిగా లేకపోతే మందు మోతాదు కూడా తప్పుతుంది. మోచేతికి పైన కట్టే మిషన్‌నే వాడండి. పట్టీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి. కాఫీ, పొగ, వ్యాయామం ముగిసి అరగంట గడిచాక, మూత్రానికి వెళ్లివచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి 5 నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చొక్కా చెయ్యి మీదుగా కాకుండా నేరుగా చర్మం మీదే పట్టీ కట్టి, చేతిని గుండె ఎత్తున బల్లమీద ఆనించాలి. ఒక చెయ్యి చచ్చుబడి ఉంటే, డాక్టరు వేరేగా చెప్పనంతవరకు, బాగున్న చేతికే, ప్రతిసారీ ఆ చేతికే చూడాలి. ఉదయం మాత్రలకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో కొలిచి, వచ్చిన అంకెను వచ్చినట్టే రాయండి. 137 వస్తే 135 అని సర్దకూడదు. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారికి మిషన్ అంకెలు అటూఇటూ అవుతాయి గనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

క్లినిక్‌కు వెళ్లేముందు 7 రోజుల లెక్క ఉంటే మంచిది. నడవలేనివారికి ఫోన్ ద్వారా లెక్క పంపే పద్ధతి మేలు. అయితే అవతల దాన్ని చూసి మందు మార్చేవారు ఎవరో, ఎన్ని రోజుల్లో జవాబిస్తారో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఎవరూ చూడని అంకెల వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు.

అంకెలు బాగున్నాయని మాత్రలు మానకండి. అవి బాగుండటం ఆ మాత్రల వల్లే. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే, నిలబడ్డ 1 నిమిషానికీ 3 నిమిషాలకూ కొలిచి తెలియజేయండి. కీళ్లనొప్పులకు సొంతంగా కొనే బిళ్లల్లో కొన్ని బీపీని పెంచుతాయి.

180/120 దాటితే కాసేపు కుదురుగా కూర్చుని మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే వెంటనే డాక్టరుకు చెప్పండి. మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా మాత్రం బీపీ ఎంతుందో చూస్తూ కూర్చోక వెంటనే అంబులెన్స్ పిలిచి, ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్న సమయం ఎప్పుడో వైద్యులకు చెప్పండి.