ఈత నేర్పే ముందు: ట్యూబులు, ఆనపకాయ బుర్రలు, డబ్బాల విషయంలో జాగ్రత్తలు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. బడికి తాళం పడిన మర్నాటి నుంచే మన ఊళ్లలో చెరువుగట్ల మీద, నాగావళి, వంశధార రేవుల్లో పిల్లల సందడి మొదలవుతుంది. ఈత నేర్పించాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఇన్ని ఏర్లు, ఇన్ని చెరువులు, ఇంత సముద్రం ఉన్న శ్రీకాకుళంలో పిల్లలు ఈత రాకుండా పెరగడమే పెద్ద ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఆరేళ్లు దాటిన బడిపిల్లలకు ఈత, నీటి దగ్గర మసలుకునే పద్ధతి నేర్పాలని ఆ సంస్థే చెబుతోంది. నన్ను భయపెట్టేది పిల్లలు నీళ్లలోకి దిగడం కాదు, వాళ్ల నడుముకు ఏదో ఒకటి కట్టేసి పెద్దవాళ్లు గట్టు మీద నిశ్చింతగా కూర్చోవడం.

"ట్యూబుంది కదేటి, ఏటవుద్ది?" అన్న మాట ప్రతి ఏడాదీ వింటూనే ఉంటాం. ట్యూబుకి గాలి పోతుంది, ముడి జారుతుంది, పిల్లాడు అందులోంచి కిందికి జారిపోతాడు. మునిగిపోయే పిల్లలు కేకలు వేస్తారని, చేతులు ఊపుతారని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అలా జరగదు. ఊపిరి పీల్చుకోవడానికే అవస్థ పడే పిల్లాడికి అరిచే శక్తి ఎక్కడిది? నిమిషం లోపే చప్పుడు లేకుండా అయిపోతుంది. గట్టు మీద ఫోన్ చూస్తున్న మనిషికి నీళ్ల మీద తేలుతున్న ఖాళీ ట్యూబు తప్ప ఇంకేమీ కనబడదు. అందుకే మొదటి షరతు ఇది: ఏ సాధనం కట్టినా సరే, ఈత బాగా వచ్చిన పెద్దవాళ్లొకరు నీళ్లలోనే, చెయ్యి చాపితే పిల్లాడు అందేంత దగ్గరలో ఉండాలి. నేర్చుకునే ప్రతి పిల్లాడికీ ఒకరు. ముగ్గురు పిల్లలుండి ఒక్క మావయ్యే ఉంటే, ఒకరి తర్వాత ఒకరు దిగాలి. మిగతా ఇద్దరూ గట్టు మీదే ఉండాలి. మందు తాగినవాళ్లు ఆ పూట నేర్పడానికి రాకూడదు.

అసలు మనిషి ఎందుకు తేలతాడో తెలిస్తే ఏ సాధనం ఎంతవరకు పనికొస్తుందో అర్థమవుతుంది. మన ఒళ్లు నీటికంటే పెద్ద బరువేమీ కాదు. గుండెల నిండా గాలి పీల్చి కదలకుండా పడుకుంటే చాలామంది తేలతారు, గాలి వదిలితే దిగుతారు. గాలంతా ఛాతీలో ఉంటుంది, కాళ్లలో ఎముకా కండా ఉంటాయి, కాబట్టి ముందు కాళ్లు దిగిపోతాయి. భయంతో తల పైకెత్తితే ఇంకా తొందరగా దిగుతాయి, ఎందుకంటే నీటి బయటికి వచ్చిన తల బరువు మొత్తం మిగతా ఒంటి మీద పడుతుంది. ఆ తలను పైన ఉంచడానికి పెద్దమనిషికి నాలుగైదు కిలోల ఆసరా సరిపోతుంది, పిల్లలకు అంతకంటే తక్కువ చాలు. మూత బిగించిన లీటరు ఖాళీ సీసా సుమారు 1 కిలో బరువును తేలుస్తుంది. ఆ లెక్కన చూస్తే 20 లీటర్ల నీళ్ల టిన్ను కట్టుకున్న పిల్లాడికి సాయం ఎక్కువై చిక్కులు వస్తాయి. టిన్ను నున్నగా ఉంటుంది, కౌగిలించుకుంటే చటుక్కున చేతుల్లోంచి పైకి తన్నుకొస్తుంది. నడుముకు కడితే పక్కకి దొర్లి, పిల్లాణ్ణి కూడా దొర్లించి మొహాన్ని నీళ్లలో పెడుతుంది. దాని మూత నొక్కి పెట్టేదే కానీ తిప్పి బిగించేది కాదు. ఊడితే టిన్ను నిండిపోతుంది.

మన పెద్దవాళ్లు ఎండు ఆనపకాయ బుర్రలు కట్టి నేర్పేవారు. ఎండు కొబ్బరికాయల జత, అరటిబోదె, బెండు కట్టలు కూడా వాడేవారు. ఇవి చెడ్డవేం కావు. ఇచ్చే ఆసరా కొంచెమే కాబట్టి పిల్లాడు తన వంతు కష్టం తను పడాల్సి వచ్చేది. ఇప్పటికీ కొందరు బుర్రలే కడతారు. కట్టే ముందు బుర్రను బకెట్ నీళ్లలో పూర్తిగా ముంచి, కొంతసేపు అదిమిపట్టి చూడండి. సన్నగా బుడగలు వస్తే ఎక్కడో పగులుంది, పక్కన పడేయండి. తొడిమ దగ్గరా, పురుగు తొలిచిన చోటా చూపుడువేలితో తడిమితే తెలుస్తుంది. ప్లాస్టిక్ సీసాలకీ ఇదే పరీక్ష. థర్మకోల్ ముక్కలైతే విరుగుతాయి, గుడ్డసంచిలో వేసి కుట్టాలి.

కట్టడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. నైలాన్ తాడు తడిస్తే ముడి జారుతుంది, లేదంటే చర్మాన్ని కోస్తుంది. పాత నూలు చీర అంచు వెడల్పుగా చింపి వాడితే మేలు. చంకల కింద, వీపు పైభాగంలో సాధనం ఉండేలా కట్టాలి. నడుముకు కింద కడితే పిర్రలు పైకి లేచి తల కిందికి వంగుతుంది. ఈత రాని పిల్లాడు అక్కడి నుంచి తనంతట తాను లేవలేడు. ముడి ఛాతీ మీద వద్దు, వీపు మీద వేయండి, పిల్లాడు భయంలో దాన్ని పీకకుండా ఉంటాడు. లంగా బొందుకు వేసినట్టు కొస ఒకటి లాగగానే ఊడిపోయే ముడి అయితే, బట్ట ఏ వేరుకో తగులుకున్నప్పుడు నేర్పేవాళ్లు వెంటనే విడిపించగలరు. మెడ చుట్టూ మాత్రం ఏదీ, ఎంత వదులుగా అయినా సరే, వేయకూడదు.

లారీ, ట్రాక్టర్ ట్యూబుల గురించి. వీటి నడుమ ఖాళీ పెద్దది. చేతులు పైకెత్తిన పిల్లాడు అందులోంచి సూటిగా జారిపోతాడు. మీద కూర్చుంటే ఒక పక్కకి వాలగానే తిరగబడుతుంది, కాళ్లు ట్యూబులో ఇరుక్కుని తల కిందికి పోతుంది. గాలి కొట్టే ఇనుప వాల్వు పక్కటెముకలకి గీరుకుంటుంది, దానికి గుడ్డ చుట్టండి. ఎండలో గట్టు మీద పెట్టిన ట్యూబులో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, పాత పంక్చర్ అతుకులు అక్కడే ఊడతాయి. ముందురోజే గాలి కొట్టించి నీడలో ఉంచి, మర్నాడు గాలి తగ్గిందేమో చూసి తీసుకెళ్లండి. ట్యూబును నేను బయట పట్టుకుని కాళ్లు కొట్టడానికి మాత్రమే వాడమంటాను, లోపల దూరి తేలడానికి వద్దు.

బజారులో దొరికే గాలి చేతిపట్టీలు, బాతుబొమ్మ రింగులు ఆటవస్తువులు. చేతిపట్టీ తడి చేతి మీంచి జారుతుంది. అది జారకపోయినా ఇంకో చిక్కుంది: పిల్లాణ్ణి నీళ్లలో నిలువుగా వేలాడదీస్తుంది. ఈదాలంటే పడుకోవాలి, నిలువుగా ఉండడం మునిగే భంగిమ. నెల రోజులు పట్టీలతో ఆడిన పిల్లాడు పట్టీలు లేని రోజు కూడా అలాగే దూకేస్తాడు. పూల్‌లో వాడే కిక్‌బోర్డు (పట్టుకుని కాళ్లు కొట్టే తేలే పలక), పొడవాటి నురుగు కర్ర మంచివి. చేత్తో పట్టుకునేవి కాబట్టి ఇక వద్దనుకోగానే వదిలేయొచ్చు. కాకపోతే అవే చేతిలోంచి జారిపోతాయి కూడా, లోతులో వాటిని నమ్మకూడదు.

లైఫ్ జాకెట్ వేరే రకం వస్తువు. అది ప్రాణం కాపాడడానికే తయారైంది, ఈత నేర్పడానికి కాదు. చేతులు ఆడనివ్వదు, బోర్లా పడుకోనివ్వదు. తాటిపూడి లాంటి రిజర్వాయర్‌లో పడవ ఎక్కినా, వేటకి వెళ్లినా అది ఒంటి మీద ఉండాల్సిందే. కొనేటప్పుడు దాని మీద రాసిన న్యూటన్ల అంకె చూడండి. 10 న్యూటన్లంటే సుమారు 1 కిలో ఆసరా. 50 అని ఉన్నది ఈత వచ్చినవాళ్లకి, ఒడ్డు దగ్గర వాడుకోవడానికి. ఈత రానివాళ్లకి 100 గానీ 150 గానీ కావాలి, అవి మనిషిని వెల్లకిలా తిప్పి మొహం పైకి ఉంచేలా తయారుచేసినవి. పిల్లలకి వయసును బట్టి కాకుండా బరువును బట్టి కొనాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది పెద్దది. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే తప్పకుండా పెట్టండి.

ఎక్కడ నేర్పాలి

పిల్లాడి ఛాతీ లోతు మించని, ప్రవాహం లేని, అడుగు గట్టిగా ఉన్న నీళ్లు. లోతు గుర్తులు రాసి ఉన్న పూల్ దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. చెరువే గతి అయితే, ముందు పెద్దవాళ్లు కర్రతో అడుగు పొడుచుకుంటూ ఆ చోటంతా నడిచి చూడాలి. వేసవిలో ఉపాధి పనుల్లో పూడిక తీస్తారు, మట్టికోసం జేసీబీలు తవ్వేస్తాయి. జూన్‌లో నాలుగు వానలు పడగానే ఆ గోతులన్నీ ఒకే మట్టాన నిండిపోయి పైకి ఏ తేడా కనబడదు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లాడు మరుసటి అడుగులో తలమునకలవుతాడు. గుర్రపుడెక్క, తామరతూళ్లు ఉన్న చోట కట్టిన గుడ్డ వాటికి చుట్టుకుంటుంది, అటు వెళ్లొద్దు.

నుయ్యిలో నేర్పడం మన దగ్గర పాత అలవాటే, కానీ నేను వద్దనే అంటాను. దిగీ దిగగానే లోతు, పట్టుకోవడానికి గట్టు ఉండదు. పైగా ఇప్పుడు ప్రతి నూతిలోనూ మోటారు ఉంది. తడి వైరు తగిలితే ఈత వచ్చినవాడికీ దిక్కుండదు.

ఏటి సంగతి ఇంకోలా ఉంటుంది. వేసవిలో నాగావళి, వంశధార పలచబడి, నడిచి దాటేలా కనిపిస్తాయి. ఇసుక తీసిన గోతులు ఆ పలచటి నీళ్ల కిందే ఉంటాయి, అంచు తొక్కగానే ఇసుక జారి లోపలికి లాగుతుంది. రెండు నదులూ ఒడిశా కొండల నుంచే వస్తాయి. మన నెత్తిన ఎండ కాస్తుండగానే అటు రాయగడ వైపో గుణుపురం వైపో వాన దంచి కొడితే ఇక్కడ నీళ్లు పెరుగుతాయి. వంశధారలో గొట్టా బ్యారేజీ, నాగావళిలో తోటపల్లి గేట్లు ఎత్తినప్పుడూ అంతే. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రగా మారి, పుల్లా ఆకూ కొట్టుకొస్తున్నాయంటే మాటల్లేకుండా పిల్లల్ని గట్టెక్కించాలి. ప్రవాహంలో ట్యూబు పిల్లాణ్ణి తేలుస్తుంది సరే, తేలుస్తూనే లోతులోకి తీసుకుపోతుంది.

కళింగపట్నం, బారువ, భావనపాడు, విజయనగరం వైపు చింతపల్లి, ఏ తీరమైనా సరే, సముద్రంలో ఈత నేర్పొద్దు. గాలి నింపిన రింగు నీటి మీద చాలా తేలిక. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు వీచే గాలికి అది చూస్తుండగానే లోపలికి పోతుంది, దాన్ని అందుకోబోయి పిల్లలూ వెళ్తారు. రింగు పోతే పోనివ్వమని ముందే గట్టిగా చెప్పి ఉంచాలి. కళింగపట్నంలో వంశధార కలిసే చోట ఏటి లాగుడు, కెరటాల పోటు రెండూ ఉంటాయి, అక్కడ కాళ్లు తడుపుకోవడం కూడా వద్దు.

ఎలా మాన్పించాలి

సాధనం కట్టిన రోజే దాన్ని ఎప్పుడు విప్పాలో ఆలోచించుకోవాలి. ప్రతిరోజూ మొదటి పది నిమిషాలు ఏదీ కట్టకుండా మొదలుపెట్టండి. మెడలోతులో కాదు, నడుము లోతులో. మొహం ముంచి బుడగలు వదలడం, మూతి మూసుకుని మోకాళ్లు పట్టుకుని తాబేలులా ముడుచుకుని తేలడం, తర్వాత వెల్లకిలా పడుకోవడం. వెల్లకిలా పడుకోబెట్టేటప్పుడు తల కింద ఒక అరచెయ్యి, నడుము కింద ఇంకో అరచెయ్యి పెట్టండి. చెవులు నీళ్లలో మునగాలి. చాలామంది పిల్లలు ఆ చప్పుడుకే బెదిరి తలెత్తేస్తారు, "ఆకాశం చూడమ్మా" అని చెబుతూ ఉండండి. గాలి పీల్చినప్పుడు ఒళ్లు పైకి లేవడం మీ అరచేతికే తెలుస్తుంది. అప్పుడు నడుము కింది చెయ్యి తీయండి, ఆ తర్వాత తల కిందిది. ఇదొక్కటి వస్తే మిగతా ఈత తేలిక.

కాళ్లు కొట్టడం నేర్పేటప్పుడు బుర్రలు కట్టండి. రెండు రోజులకో మూడు రోజులకో ఒక బుర్ర తగ్గించండి, లేదా వీపుకి కట్టినది విప్పి చేతికివ్వండి. ఏ ఆసరా లేకుండా బోర్లా నుంచి వెల్లకిలా తిరగడం, నిమిషంపాటు తేలుతూ ఉండడం, పది పదిహేను మీటర్లు ఈది గట్టు చేరడం: ఈ మూడూ చేసేదాకా పిల్లాడికి ఈత వచ్చినట్టు లెక్కలోకి రాదు.

ఆడపిల్లల్ని కూడా దింపండి. నీళ్లకోసం, బట్టలు ఉతకడానికి, కార్తీక స్నానాలకి రేవులోకి వెళ్లేది వాళ్లే, నేర్పేది మాత్రం మగపిల్లలకి. చున్నీ, లంగా తీసేసి, ఒంటికి పట్టిన లెగ్గింగు, టీషర్టు వేయండి. మూర్ఛ ఉన్న పిల్లలైతే డాక్టరుని అడిగాకే దింపాలి.

గట్టు మీద ఉండాల్సినవి: పొడవాటి వెదురుగెడ, మూత తిప్పి బిగించే 5 లీటర్ల డబ్బాకి కట్టిన పదిహేను మీటర్ల తాడు. డబ్బాలో గ్లాసుడు నీళ్లు పోస్తే విసిరినప్పుడు గాలికి పక్కకి పోకుండా దూరం పడుతుంది. ఒకడు మునుగుతుంటే కాపాడబోయి అన్న, బాబాయి కూడా పోయిన సంగతులు పేపర్లో చదువుతూనే ఉన్నాం. గెడ అందించాలి, డబ్బా విసరాలి, కేక వేయాలి. దూకడం, ఈత బాగా వచ్చినవాళ్లకి కూడా చివరి దారి.

బయటికి తీసిన పిల్లాడు ఊపిరి తీయకపోతే తలకిందులుగా వేలాడదీయొద్దు, గిరగిరా తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. ఆ పని చేసేంతలో విలువైన నిమిషాలు పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి రెండుసార్లు గాలి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదండి. అలా ఆపకుండా చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పిల్లాడు కళ్లు తెరిచి బాగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా కనబడొచ్చు.

రోజూ ఈత అయ్యాక ట్యూబులో గాలి తీసేయండి. బుర్రలు, డబ్బాలు ఆరబెట్టి గదిలో పెట్టి తాళం వేయండి. అవి వసారాలో కనబడితే మధ్యాహ్నం మీరు కునుకు తీసేవేళ పిల్లలు వాటిని చంకన పెట్టుకుని చెరువుకి పోతారు.