మాట జారకుండా మాట అనడం: 4వ పాఠం

పోయిన పాఠంలో 'అధ్యక్షా' సంగతి చూశాం, కళ్లు ఎదుటి బెంచీ మీద ఉన్నా మాట మాత్రం స్పీకర్‌కే చెప్పాలని. ఈసారి ఎదుటివాడు చెప్పింది అబద్ధమని, ఆ మాట నోట రాకుండా ఎలా చెప్తారో చూద్దాం.

నాంపల్లి అసెంబ్లీ అయినా ఢిల్లీ అయినా నేరుగా 'అబద్ధం' అన్నారంటే అవతలివాళ్లు పాయింట్ ఆఫ్ ఆర్డర్ (సభా నియమం తప్పారన్న అభ్యంతరం) అంటూ లేస్తారు, స్పీకర్ ఆ మాటను రికార్డుల నుంచి తీసేయించొచ్చు (లోక్‌సభలో అది 380వ నిబంధన), ఇక చర్చంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, మీరు కష్టపడి తెచ్చిన లెక్కలు ఎవరికీ పట్టవు. 2022 జులైలో లోక్‌సభ సచివాలయం ఇచ్చిన అన్‌పార్లమెంటరీ పదాల, అంటే సభామర్యాదకు తగని మాటల జాబితాలో 'డ్రామా' కూడా ఉందంటే చూసుకోండి. మాటను నిషేధించలేదు, సందర్భాన్ని బట్టే తొలగిస్తామని స్పీకర్ తర్వాత వివరణ ఇచ్చారనుకోండి. 1906లో బ్రిటిష్ పార్లమెంటులో చర్చిల్ వాడిన 'పరిభాషలో కచ్చితత్వ లోపం' అన్న మాటైతే తర్వాత్తర్వాత అబద్ధానికి ముద్దుపేరే అయిపోయింది.

మన తెలుగులో అంత తిప్పలు అక్కర్లేదు, మెట్లున్నాయి. 'గౌరవ సభ్యులు పొరబడినట్టున్నారు' మొదటి మెట్టు. 'అధికారులు సరైన సమాచారం ఇచ్చినట్టు లేదు' అంటే తప్పు అధికారుల మీదికి పోతుంది, మంత్రికి తప్పుకోవడానికి దారి దొరుకుతుంది. 'సభను తప్పుదోవ పట్టిస్తున్నారు' అన్నది అన్నిటికంటే బరువైంది, కావాలనే చేశారన్న అర్థంలో సభా హక్కుల నోటీసు (సభ హక్కులకు భంగం కలిగించారన్న ఫిర్యాదు) దాకా పోతుంది, కాగితం చేతిలో లేకుండా వాడకండి.

నాకు నచ్చేది మాత్రం 'పాపం'. నాలా పూడికతీత పూర్తయిందని మంత్రి అన్నారనుకోండి. 'అధ్యక్షా, మంత్రిగారికి పాపం ఫైలు చదివే తీరిక దొరికి ఉండదు, పని సగమే అయిందని రాసిన ఈ కాగితం మీద సంతకం మాత్రం వారిదే.' ఇందులో తిట్టేదీ లేదు, తొలగించేదీ లేదు. ఇది మనకు కొత్తేం కాదులెండి, పెళ్లి విందులో వియ్యపురాలు పప్పులో ఉప్పు తగ్గిందనకుండా 'వంటవాళ్లకి పాపం ఎంత పనో' అనడం వినలేదూ? అయితే ఒక ప్రసంగంలో ఒక్కసారే, రెండోసారికి వెటకారమైపోతుంది.

హోంవర్క్: మీ అపార్ట్‌మెంట్ మీటింగులో సెక్రటరీ మే నెల నీళ్ల ట్యాంకర్ల లెక్క తప్పు చెప్పారు, బిల్లులు మీ దగ్గరున్నాయి. 'అబద్ధం', 'మోసం', 'తినేశారు' లేకుండా పై మూడు మెట్లలోనూ ఒక్కో వాక్యం రాయండి, 'పాపం'తో నాలుగోది. రాశాక పైకి చదవండి, నవ్వొస్తే కొట్టేసి మళ్లీ రాయండి. 5వ పాఠంలో, 'మీ పదేళ్లలో ఏం చేశారు' అని అవతలి నుంచి ఎదురుప్రశ్న వస్తే ఏం చేయాలో చూద్దాం.