ఐఫోన్ ఫొటోలు జేపీజీ చేసిన తీరు

మొన్న వేయిస్తంభాల గుడికాడ అమ్మానాన్నల ఫొటోలు తీసిన. పెన్‌డ్రైవ్‌ల వేస్కొని హన్మకొండ చౌరస్తాల స్టూడియోకు పోతే, "ఇవి ఓపెన్ అయితలేవు తమ్మీ, జేపీజీ తీస్కరా" అన్నడు. ఫైల్ పేరు చివర్న జేపీజీ అని మారిస్తే అయిపాయె అనుకున్న. ఉత్త పేరే మారింది, లోపల సరుకు అదే!

2017ల ఐఓఎస్ 11 అనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ వచ్చినకాడి నుంచి ఐఫోన్ ఫొటోలను జేపీజీల కాకుండ హెచ్‌ఈఐసీ అనే ఇంకో రకం ఫొటో ఫైల్‌ల దాస్తది. జాగా తక్కువ పడ్తది గానీ పాత కంప్యూటర్లకు సమజ్ కాదు.

అందుకే ఐఫోన్‌లనే ఫొటోలు సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, ఫైల్స్ యాప్‌ల ఒక ఫోల్డర్‌ల పేస్ట్ చేసిన. అన్నీ జేపీజీలైనయి. వేరే యాప్ లేదు, నెట్ లేదు. వాట్సాప్‌ల మామూలుగ పంపినా మారుతయి గానీ సైజు తగ్గి ప్రింట్ మసకైతది.

ఇగ ముందు తీసేటియి జేపీజీలే రావాలంటే సెట్టింగ్స్‌ల కెమెరా, ఫార్మాట్స్‌కు పోయి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టాలె. నేనైతే పెట్టలే, 64 జీబీ ఫోన్ మరి.