మిరుగం రాకముందే దారి చూసి పెట్టుకోండి: చౌటుప్పల్‌లో కాలినడకన పోయేవాళ్లకు జాగ్రత్తలు

జూన్ 8 ప్రాంతంలో మిరుగం (మృగశిర కార్తె) వస్తుంది, 12న బడులు తెరుస్తారు. తొలి వానలు, పిల్లల తొలి బడి రోజులు ఒకేసారి మీద పడతాయి. అందుకే రోహిణి కార్తె ఎండలు ఉండగానే ఒక పని చేయండి. ఒకరోజు పొద్దున్నే పిల్లల చేయి పట్టుకొని ఇంటి నుంచి బడి దాకా, బస్టాండు దాకా నడవండి. ఏ మోరీ మీద బండ లేదో, ఏ బండ ఊగుతోందో, రోడ్డు అంచు ఎక్కడ కుంగిందో వాళ్లకు చూపించండి. రెండు పెద్ద వానలు పడ్డాయంటే అవన్నీ బురదనీళ్ల కింద దాక్కుంటాయి.

నిరుడు ఆగస్టులో నేను అలాగే మోరీలో పడ్డాను. రోజూ నడిచే గల్లీయే. మోకాలి దాకా నీళ్లున్నాయి, బండ పక్కకు జరిగిన సంగతి తెలియలేదు. మడమ దగ్గర బెణికి మూడు వారాలు ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజు మా చిన్నది నా వెంట ఉంటే ఏమయ్యేదో అన్న టెన్షన్ ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి వానాకాలంలో చేతికర్ర లేకుండా బయటికి పోవడం లేదు. నీళ్లలో అడుగు వేసే ముందు కర్రతో పొడిచి చూస్తాను. మోరీలు గల్లీ అంచునే ఉంటాయి కాబట్టి, బండ్లు తక్కువ తిరిగే చిన్న గల్లీల్లో నీళ్లు నిలిచినప్పుడు అంచు వదిలి నడుమ నుంచి నడవడం మేలు. మూత లేని మోరీ ఇప్పుడే కనిపిస్తే ఫోటో తీసి మున్సిపల్ ఆఫీసులో రాసి ఇవ్వండి. మూత వేసేదాకా అక్కడ ఒక కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి.

ఇక మన ఊరికి అసలు గండం హైవే. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి ఊరిని రెండు ముక్కలు చేసింది. ఇల్లు ఒక పక్క, పని ఇంకో పక్క ఉన్నవాళ్లు రోజూ దాటక తప్పదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది. ఒక పక్కనున్న రెండు వరుసలు దాటడానికి మామూలు మనిషికి దాదాపు ఆరు సెకన్లు కావాలి. ఆలోపు ఆ బండి 130 మీటర్లు వచ్చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇంకెంత టైం పడుతుందో లెక్క వేసుకోండి. పైగా తొలి వానకు రోడ్డు మీది దుమ్ము, ఆయిల్ కలిసి జారుడుగా మారతాయి. బ్రేక్ వేసినా బండి వెంటనే ఆగదు. వాన నీళ్లు కారే అద్దంలోంచి డ్రైవర్‌కు మనిషి సరిగా కనపడడు కూడా. అందుకే డివైడర్ సందులోంచి దూరి పోవద్దు. నాలుగు అడుగులు ఎక్కువైనా దాటడానికి పెట్టిన చోటుకే పోండి. ముందు కుడివైపు చూసి దాటి, డివైడర్ దగ్గర ఆగి, ఎడమవైపు చూడండి. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు మన దగ్గర తక్కువేం కాదు, కాబట్టి రెండో వైపు కూడా ఒక కన్నేయండి. బస్సు దిగిన వెంటనే దాని ముందు నుంచి దాటొద్దని పిల్లలకు పదిసార్లు చెప్పండి. బస్సు కదిలి పోయాకే రోడ్డు కనిపిస్తుంది. గొడుగును ముఖం మీదికి వంచి దాటడం కూడా ప్రమాదమే. హైవే మీద ప్రమాదం జరిగితే 1033కు, అంబులెన్స్ కోసం 108కి ఫోన్ చేయాలి.

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కన నడిస్తే ఎదురొచ్చే బండి మన కంటికి కనపడుతుంది. చీకటి పడ్డాక లేత రంగు బట్టలు, చేతిలో ఒక టార్చి ఉండాలి.

బైకు వెనక కూర్చొని గొడుగు పట్టుకోవద్దు, గాలికి అది తిరగబడితే బండి అదుపు తప్పుతుంది. చున్నీ, చీర కొంగు, రెయిన్‌కోటు అంచు చక్రానికి తగలకుండా బిగించి కట్టుకోవాలి.

తడిసిన కరెంటు స్తంభాన్ని, అది ఒరగకుండా నేలకు లాగి కట్టిన స్టే వైరును ముట్టుకోవద్దు. బర్రెలను వాటికి కట్టేయవద్దు. తీగ తెగి పడితే దూరంగా నిలబడి, ఇతరులనూ ఆపి, 1912కు చెప్పండి.

పోచంపల్లి మీదుగా బీబీనగర్ వైపు పోయేవాళ్లకు ఇంకో మాట. జూలూరు–రుద్రవెల్లి దగ్గర మూసీ మీద ఉన్న లో లెవెల్ వంతెన వరద వచ్చిందంటే మునుగుతుంది. ఇక్కడ చినుకు లేకపోయినా, హైదరాబాద్‌లో గట్టి వాన పడి అక్కడి హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తితే ఆ నీళ్లన్నీ మన వైపే వస్తాయి. కాబట్టి ఆకాశం చూసి కాదు, గేట్ల వార్త చూసి బయలుదేరండి. అర అడుగు లోతున ఉరికే నీళ్లు కూడా పెద్దమనిషిని పడగొట్టగలవు. అడుగు లోతుకే చిన్న కారు కొట్టుకుపోవచ్చు. ముందు పోయిన బైకు దాటింది కదా అని దిగొద్దు, ఆ కాసేపట్లోనే నీళ్లు పెరిగి ఉండొచ్చు. చుట్టూ తిరిగి పోయే దారేదో ఇప్పుడే తెలిసినవాళ్లను అడిగి పెట్టుకోండి. బారికేడో ముళ్లకంపో అడ్డం కనిపిస్తే బండి వెనక్కి తిప్పండి.