ఫ్రేములో ఫోటో ఉబ్బకుండా ఉండాలంటే

స్నేహితులకిద్దామని ఇంట్లో కట్టిన ఫోటో ఫ్రేము కొన్నాళ్లకే లోపల అలలు అలలుగా ఉబ్బుతుంది. ఫోటో వెనకంతా జిగురు రాసి అట్టకు అంటించడమే కారణం. తేమకు కాగితం సాగుతుంది, కదలడానికి చోటుండదు.

జిగురు మానేయండి. 8×10 అంగుళాల ఫ్రేములో 4×6 ఫోటో నిలువుగా పెడుతుంటే, మౌంట్ బోర్డులో, అంటే ఫోటోకు ముందు అంచులా కనిపించే దళసరి అట్టలో, 96×146 మి.మీ. కిటికీ కోయండి. అంటే నాలుగు వైపులా ఫోటో 3 మి.మీ. చొప్పున బోర్డు కిందికి పోతుంది. పైన 50, కింద 58 మి.మీ. వదలాలి, రెండూ సమానమైతే బొమ్మ కిందికి జారినట్టుంటుంది. కొత్త బ్లేడు, స్టీలు స్కేలు తప్పనిసరి. ఒక్క గాటుకే తెగాలని నొక్కితే అంచు పీచులేస్తుంది, తేలిగ్గా మూడు నాలుగుసార్లు లాగండి.

ఫోటో పై అంచును మాత్రమే రెండు చోట్ల 2 సెం.మీ. పేపర్ టేపు ముక్కలతో బోర్డు వెనక అతికించండి. మిగతా మూడు వైపులూ వదిలేయాలి. సెల్లో టేపు వద్దు, పసుపెక్కి ఊడిపోతుంది. మధ్యలో బోర్డు మందం ఉంటుంది కాబట్టి ఫోటో గాజుకు అంటుకోదు కూడా.

చుట్ట చుట్టుకున్న పాత ఫోటోలకు ఇది పనిచేయదు, కింది అంచు లేస్తుంది. వాటికి నాలుగు మూలలా ఫోటో కార్నర్లు (ఫోటో మూల దూర్చే చిన్న జేబుల్లాంటివి) పెట్టాల్సిందే.