జానెడు వెడల్పు పెంచమంటే పడవంతా మళ్ళీ గీయక్కర్లేదు: ఫ్రీక్యాడ్ మాక్రోలో వేరియబుల్స్

బరంపురంలో కూర్చుని గోపాల్‌పూర్ ఒడ్డున ఫైబర్ పడవలు కట్టే మేస్త్రికి డ్రాయింగులు గీసిస్తుంటా. అంతా అయిపోయి ప్రింటు చేతిలో పెట్టాక ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "బాబూ, నడుమ ఇంకో జానెడు ఉండాల, వల పట్టదు" అంటాడు, ఇంకేటుంది, పదకొండు అడ్డకోతలూ (పడవని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాలు) మళ్ళీ మొదట్నుంచి గీయాలి. రెండుసార్లు అలా రాత్రులు పాడయ్యాక మాక్రోలో (కమాండ్లని వరసగా నడిపించే చిన్న ప్రోగ్రాం) వేరియబుల్స్ పెట్టడం, అంటే అంకెకి బదులు ఒక పేరు పెట్టి దాని విలువ ఒక్కచోటే మార్చుకోవడం, నేర్చుకున్నా. నేను వాడేది ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్, డబ్బులు కట్టక్కర్లేదు, మాక్రోలు పైథాన్‌లో రాస్తాం.

మొదట్లో అందరూ చేసే పనే నేనూ చేశా, ఎర్ర బటన్ నొక్కి మాక్రో రికార్డ్ చేసి సేవ్ చేసుకున్నా. అది నడుస్తాది గానీ లోపలన్నీ మనం నొక్కిన అంకెలే ఉంటాయి, అంటే అదే పడవని మళ్ళీ మళ్ళీ గీస్తాది అంతే. రికార్డింగ్‌ని కమాండ్ పేర్లు తెలుసుకోడానికి వాడుకోండి, అంకెలు మాత్రం తీసిపారేయండి.

అసలు బుర్ర పెట్టాల్సింది ఏది వేరియబుల్ అవ్వాలి అన్న దగ్గర. నేను మూడు కుప్పలు చేస్తా. మనం చేత్తో మార్చేవి: నీటిగీత (పడవకి నీళ్ళు తాకే మట్టం) దగ్గర పొడవు, వెడల్పు, నీటిలో మునిగే లోతు, నీటి సాంద్రత. వాటి వెంట వాటంతటవే మారేవి: స్టేషన్ల మధ్య, అంటే అడ్డకోతలు గీసే చోట్ల మధ్య దూరం (పొడవుని పదితో భాగిస్తే చాలు), సగం వెడల్పులు (నడిమి గీత నుంచి ఒక పక్కకి), నీటిలో మునిగిన భాగం ఘనపరిమాణం. మూడోది, ఏం చేసినా కదలకూడనివి. నేను దెబ్బతిన్నది ఇక్కడే, పడవ మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో పెంచేశా, దాంతో అమరం (పడవ వెనక కొస) దగ్గర ఇంజన్ తగిలించే పలక ఎత్తు కూడా పెరిగిపోయింది. అవుట్‌బోర్డ్ మోటారు షాఫ్ట్‌కి పడవ సైజుతో పని లేదు కదా, పొట్టిదైతే 15 అంగుళాలు, పొడుగుదైతే 20 అంగుళాలు, ఆ పలక దానికి సరిపోవాలి. ఆ ఎత్తుకి విడిగా ఒక వేరియబుల్ ఇవ్వండి, పొడవుకీ వెడల్పుకీ దాన్ని ముడిపెట్టొద్దు.

చేత్తో మార్చేవాటిని మాక్రో లోపల కాకుండా స్ప్రెడ్‌షీట్‌లో పెడితే సుఖం. గడి మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అలియాస్ (ఆ గడికి మనం పెట్టే పేరు) ఇవ్వాలి. ఖాళీలు లేకుండా నాలుగైదు అక్షరాల పేరు పెట్టండి, గడి అడ్రసులా గానీ యూనిట్‌లా గానీ కనిపించే పేరైతే తీసుకోదు. అంకె పక్కన యూనిట్ తప్పకుండా రాయండి. ఫ్రీక్యాడ్ లోపల పొడవులన్నీ మిల్లీమీటర్లలో నడుస్తాయి, మాక్రోలోకి ఆ విలువ తెచ్చాక 2100 వస్తే ఏంటిదని కంగారు పడొద్దు, అది మన 2.1 మీటర్లే. యూనిట్ ఉన్నదానికి ఉత్తి అంకె కలిపితే మాత్రం ఎర్రర్ కొడతాది.

ఇక అడ్డకోతలు. సగం వెడల్పుల్ని మిల్లీమీటర్లలో రాసుకోకుండా, గరిష్ఠ సగం వెడల్పులో ఎన్నో వంతు అని 0 నుంచి 1 మధ్య అంకెలుగా పట్టిక వేసుకోండి. లూప్‌లో వాటిని వెడల్పులో సగంతో గుణించి, ఒక్కో స్టేషన్‌కి బీ-స్ప్లైన్ (పాయింట్ల గుండా పోయే నున్నటి వంపుగీత) గీయించి, లాఫ్ట్‌తో (గీతల మీద పొర పరిచే కమాండ్) కలిపేసి, రెండో వైపుకి మిర్రర్ (అద్దంలోలా తిప్పిన నకలు). అన్ని కోతల్లోనూ పాయింట్లు ఒకే సంఖ్యలో, ఒకే వరసలో ఉండాలి, లేకపోతే ఆ పొర పిండిన గుడ్డలా మెలితిరుగుతాది. అణియం (పడవ ముందు కొస) దగ్గర పక్కపక్క పాయింట్లు రెండూ ఒకేచోట పడితే స్ప్లైన్ ఫెయిల్ అవుతాది, అదొకటి చూసుకోండి. ఇంకోటి, పైథాన్‌లో రేంజ్ 10 అని రాస్తే 0 నుంచి 9 వరకే తిరుగుతాది, చివరి స్టేషన్ ఎగిరిపోతాది, 11 అని రాయాలి. ఘనపరిమాణానికి సింప్సన్ సూత్రం (కోతల వైశాల్యాల్ని వరసగా 1, 4, 2, 4 అనుకుంటూ చివర మళ్ళీ 1తో గుణించి కలిపే లెక్క) వాడతాం కాబట్టి స్టేషన్లు బేసి సంఖ్యలోనే ఉండాలి.

స్ప్రెడ్‌షీట్‌లో అంకెని మాక్రో నుంచే మారిస్తే చివర రీకంప్యూట్ (ఆకారాన్ని మళ్ళీ లెక్కగట్టమనే కమాండ్) పిలవడం మర్చిపోకండి, నేనోసారి పాత ఆకారాన్నే అరగంట చూస్తూ కూర్చున్నా.

అన్నీ సరిగ్గా ముడిపడ్డాయో లేదో ఎలా తెలుస్తాది? పొడవు 8.5 మీటర్లు, వెడల్పు 2.1, లోతు 0.45, బ్లాక్ కోఎఫిషియెంట్ (ఆ కొలతల పెట్టెలో మునిగిన పడవ ఎన్నో వంతు నింపుతాదో చెప్పే అంకె) 0.42 అనుకోండి. నాలుగూ గుణిస్తే 3.37 ఘనపు మీటర్లు, సముద్రపు నీటికి 1.025తో గుణిస్తే సుమారు 3.46 టన్నులు, పడవా సరుకూ కలిపి ఆ లోతులో తేలే బరువు అది. ఇప్పుడు వెడల్పు ఒక్కటే 2.3 చేయండి, 3.69 ఘనపు మీటర్లు రావాలి, అంటే 9.5 శాతం పెరగాలి, వెడల్పు పెరిగిందీ అంతే కదా. సింప్సన్ లెక్క ఇంకేదైనా చూపిస్తే ఎక్కడో ఏదో ఒక కోతలో పాత అంకె అలాగే దాక్కుని ఉన్నట్టు, వెతకండి. బరువులో చూస్తే తేడా దాదాపు 330 కిలోలు, అదంతా వలకే అని మేస్త్రికి మాటివ్వకండి, వెడల్పు పెరిగితే పడవ సొంత బరువూ పెరుగుతాది.

సాంద్రతని కూడా వేరియబుల్ చేయమన్నది చిలికా సరస్సు ఒడ్డున రంభ వైపు వాళ్ళ కోసం. చిలికా నీళ్ళు వానాకాలంలో ఉప్పు తగ్గి మంచినీటి వైపు జరుగుతాయి, అక్కడ తిరిగే పడవకి 1.025 వేస్తే లెక్క కాస్త ఎక్కువ చూపిస్తాది. నేను 1.000 పెట్టి కూడా ఒకసారి నడిపి, ఆ రెండు అంకెలూ ప్రింటు మీద రాసి ఇస్తా.